మేరీ మేరీగానే యుండరాదా?



గడచిన మాసమున శ్రీకాకుళము ప్రాంతపు సోదరి యొకతె తాను వ్రాసిన కథ నొకదానిని నాకు పంపి, "మొగమోటము లేక మంచిచెడ్డలు తెలుపుడు" అని కోరినది. తన పేరు ప్రకటింపకుండినచో ఆ కథనుగూర్చి ఈ శీర్షికలో వ్రాయుట కభ్యంతరము లేదనియు తెలిపినది. కావున ఈ నెల మన ప్రసంగము ఆ కథనుగూర్చియే.

కథ 1956వ సంవత్సరమున విజయనగరమున జరిగినది. నాయిక పేరు శాంతమ్మ. ఆమె శ్రీకాకుళమున నాగావళి యొడ్డున పుట్టి పెరిగిన క్రైస్తవ యువతి. విజయనగరమున నొక బాలికల బడిలో ఉపాధ్యాయిని. నాయకుడు సూర్యనారాయణ, రైలుస్టేషనులో టిక్కెట్ల గుమాస్తా. అరసవల్లి దేవునికి మ్రొక్కుకొనగా పుట్టినవాడు. ఆమె ప్రతి శనివారము ఇంటికి బోవుచు శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు టిక్కెట్టు కొనును. కొంతకాలమునకు ఆమె కిటికీయొద్దకు రాకమునుపే ఆ టిక్కెట్టు సిద్ధముగా నుండుట మొదలైనది. స్టేషను కెదురుగా నున్న కాఫీ హోటలులో ఒక గ్రామఫోను కలదు. ఎవరో వాల్తేరునుండి తెచ్చిన అమెరికా పాట, అప్పుడప్పుడే లోకమునకు వినవచ్చుచున్న రాక్ అండ్ రోల్ పాట, దానిపై తిరుగుచుండును. ఆ పాట మొదలైనప్పుడెల్ల వారిద్దరును ఒకరినొకరు చూడక నేలచూపులు చూతురు. ప్రేమను ఇంతకంటె వాచ్యము చేయకుండుట నాకెంతయు నచ్చినది.

తరువాత ఇరువురి తల్లులును అడ్డుపడిరి. శాంతమ్మ తల్లి "మన ప్రభువును విడిచిపెట్టెదవా?" అని యేడ్చినది. సూర్యనారాయణ తల్లి "రేపు మాకు నీళ్లు వదలువా రెవరు?" అని మంచము పట్టినది. కథ పండినది. ఇక నేమి జరుగునో యని ఆత్రముతో పుట త్రిప్పితిని. అచ్చట నొక ముసలి మంత్రసాని ప్రవేశించి, శాంతమ్మ అసలు క్రైస్తవుల బిడ్డ కాదనియు, పసితనమున రథసప్తమి తీర్థములో తప్పిపోయిన హిందూ బాలిక యనియు, మెడమీది పుట్టుమచ్చయే అందుకు సాక్ష్యమనియు చెప్పినది. తల్లులిద్దరును కన్నీరు తుడుచుకొనిరి. మేళములు మ్రోగినవి. కథ ముగిసినది.

"వేరు దారి నాకు తోచలేదు" అని సోదరి తన లేఖ చివర వ్రాసినది. నన్ను నిదురపోనీయనిది ఆ మాటయే.

ఈ పుట్టుమచ్చ యెచ్చటినుండి వచ్చినదో మనలో పెక్కురకు తెలియును. 1955 జనవరి 12వ తేదీన విడుదలయైన 'మిస్సమ్మ' చిత్రమును మన అమ్మమ్మలు టెంటుహాళ్లలో చూచిరి. మన తల్లులు చూచిరి. మనము ఇంట కూర్చుండి పండుగనాడు చూచుచున్నాము. విజయా సంస్థవారు తీసిన ఆ చిత్రమునకు ఎల్. వి. ప్రసాదుగారు దర్శకులు. ఉద్యోగము లేని పట్టభద్రు లిద్దరు, హిందువైన రావు, క్రైస్తవురాలైన మేరీ, భార్యాభర్తలమని బొంకి ఒక జమీందారుగారి పాఠశాలలో కొలువు సంపాదింతురు. జమీందారు దంపతులు మేరీని కన్నకూతువలె చూచుకొందురు. అబద్ధపు కాపురమున నిజమైన ప్రేమ మొలకెత్తును. తుదకు మేరీ ఆ జమీందారుగారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మియే యని పుట్టుమచ్చవలన తేలును. రవీంద్రనాథ మైత్రగారి 'మానమయీ గర్ల్స్ స్కూల్' అను బెంగాలీ నాటకమును, శరదిందు బంద్యోపాధ్యాయగారి 'డిటెక్టివ్' అను కథను కలిపి చక్రపాణిగారు ఈ కథను అల్లిరి.

ఈ చిత్రము మన ప్రాంతమువారికి మఱింత దగ్గరిది. దానికి సంగీతము కూర్చిన సాలూరి రాజేశ్వరరావుగారు సాలూరు చెంతనున్న శివరామపురమున 1922లో జన్మించిరి. చెల్లెలు సీత పాత్రకు పాడి పేరు తెచ్చుకొన్న పి. సుశీలగారు 1935లో విజయనగరమున జన్మించినవారు. మేరీగా నటించిన సావిత్రిగారి నోట మరియమాతకు చేయు ప్రార్థన నొకదానిని పి. లీలగారు పాడిరి. నవ్వులాటల చిత్రమున ఆ ప్రార్థనను ఎక్కడను పరిహాసము చేయక, భక్తితో నిలిపిరి. అందులకు ఆ చిత్రమును గౌరవింపవలయును.

అయినను, సోదరీ, ఒక్క ప్రశ్న. ఆ పాదముమీద మచ్చయే లేకుండినచో?

చిత్రము చూచినంతసేపును మనకు ఈ ప్రశ్న తోచదు. నవ్వులు, పాటలు, వెన్నెల మనలను తేల్చుకొనిపోవును. కాని మేరీ తాను చిన్ననాటినుండి చేసిన ప్రార్థన యేమైనది? తన్ను పెంచిన తండ్రి నేర్పిన మాట లేమైనవి? "నీవు మావాండ్ల పిల్లవే" అని తెలిసినంతనే అడ్డులన్నియు తొలగినచో, మన మంగీకరించినది మేరీని కాదు, మహాలక్ష్మిని. మేరీని ఎవ్వరును అంగీకరింపలేదు. ఆమె నడుగను కూడ లేదు.

హాస్యచిత్రమునకు ఈ ముడి ఇట్లు విప్పుకొను హక్కు కలదు. తప్పిపోయిన బిడ్డ దొరకుట మన పాతకథలలో నున్న సంప్రదాయమే. కాని నిజమైన కాలము, నిజమైన ఊరు, నిజమైన స్టేషను పేరు పెట్టి వ్రాసిన ప్రేమకథకు ఆ వెసులుబాటు తక్కువ. ఏలయన ఆ కాలమున వేరు దారి లేకపోలేదు. ఉన్నది. అదియును 'మిస్సమ్మ' విడుదలకు సరిగా పదునొకండు దినములు ముందు తెరువబడినది.

1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము 1955 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందును 1872వ సంవత్సరముననే ఆ పేరిట నొక చట్టము లేకపోలేదు. కాని దాని ననుసరించి పెండ్లియాడదలచిన హిందువును క్రైస్తవురాలును, తాము ఆయా మతముల నవలంబించువారము కామని చెప్పుకొనవలసి యుండెను. అనగా ఇద్దరును తమ తమ దేవుని గుమ్మముముందు విడిచి లోపలికి రావలెను. అదే సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టము ననుసరించి, ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనను చాలును. కాని ఆ పెండ్లి ఆ చట్టముచే నియమితులైనవారి యెదుటనే జరుగవలెను. 1955లో వచ్చిన మార్పు వేరు. ఎవరి విశ్వాసము వారు నిలుపుకొని, ఆమె శాంతమ్మగానే, అతడు సూర్యనారాయణగానే, ఒకరి కొకరు ఆలుమగలు కావచ్చును.

ఈ చట్టము నడచు తీరు చూడుడు; కథకురాలికి ఇంతకంటె నేమి కావలెను? వధువునకు పదునెనిమిది, వరునకు ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. ఇద్దరిలో ఒక్కరైనను ఆ జిల్లాలో ముప్పది దినములు నివసించి యుండవలెను. వారిచ్చిన ప్రకటనను వివాహాధికారి తన కచేరిలో నలుగురికి కనబడునట్లు అంటించును. ముప్పది దినములలోపల చట్టము చెప్పిన కారణములపై ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును. అటుపిమ్మట ముగ్గురు సాక్షుల యెదుట, ఇద్దరికిని తెలిసిన యే భాషలోనైనను, ఒకరి నొకరు భార్యగా భర్తగా స్వీకరించుచున్నామని పలుకవలెను. తెలుగులో పలికినను చెల్లును.

ముప్పది దినములు గోడమీద నుండు ఆ కాగితమును తలచుకొనుడు. విజయనగరము వంటి యూర, కచేరికి వచ్చిన ప్రతి కరణము, ప్రతి ప్లీడరు గుమాస్తా, దస్తావేజుకై వచ్చిన ప్రతి బంధువు ఆ రెండు పేర్లను చదువును. నాలుగవ దినమున వార్త ఆమె బడికి చేరును. వారము తిరుగకముందే అతని తల్లికి చేరును. శనివారము ఆమె టిక్కెట్టు కిటికీయొద్దకు వచ్చునా, రాదా? మంత్రసాని రానక్కఱలేదు. ఆ కాగితమే కథను నడుపును.

దానికి తోడు ఇందులో నొక నష్టమును కలదు. అవిభక్త హిందూ కుటుంబములోనివాడు ఈ చట్టము ననుసరించి పెండ్లియాడినచో, ఆ ఉమ్మడినుండి విడిపోయినట్లే యగును. అన్యమతస్థులను వివాహమాడిన వారి విషయమున నేటికిని అట్లే యున్నది. ఆస్తిలో భాగము పోదు. కలిసియున్న కుటుంబమన్న మాట మాత్రము పోవును. సూర్యనారాయణ అన్నదమ్ములతో పెరిగిన పిల్లవాడు. అతడు సంతకము చేయు కలము బరువెంతో ఇప్పుడు మనకు తెలియును. శాంతమ్మకును బరువు తక్కువ కాదు. ఆమె సంఘములో పెద్దలేమందురో, ఆదివారమున ఏ బల్లమీద కూర్చుండవలెనో ఆమె యెఱుగదు. ప్రేమకు వెల యుండవలెను గదా! మచ్చ చూపినచో ఆ వెల ఎవ్వరును చెల్లింపరు.

ఇక శాంతమ్మ విశ్వాసమునుగూర్చి. సోదరి ఆమెను బాప్టిస్టు దేవాలయమునకు పంపి, ఇంట మరియమాత పటము ముందు జపమాలతో కూర్చుండబెట్టినది. ఇది 'మిస్సమ్మ'నుండి వచ్చిన పొరపాటు. మేరీ కథోలిక మతస్థురాలు. ఆ ప్రార్థన ఆమెకు తగినది. బాప్టిస్టులు జపమాల త్రిప్పరు. మన పల్లెపట్టున నొక్కటే 'కిరస్తానము' అని పిలిచినను, ఆ గొడుగు క్రింద పెక్కు శాఖలున్నవి. శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము పట్టణములందు పందొమ్మిదవ శతాబ్దపు కడపటి పాదమున కెనడా దేశపు బాప్టిస్టు మిషనువారు పనిచేసిరి. సాలూరు, పార్వతీపురము వైపున జర్మనీనుండి వచ్చిన లూథరను మిషనువారు స్థిరపడిరి. వీరందరికంటె ముందు 1805లో లండను మిషనువారగు క్రాను, డెగ్రాంజి యనువారు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో డెగ్రాంజి తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చైనవి.

శాంతమ్మ నిజముగా బాప్టిస్టు యైనచో, సోదరి కథకు పెద్ద చిక్కు వచ్చును. నా దృష్టిలో పెద్ద వరమును వచ్చును. బాప్టిస్టు సంఘమున పసిబిడ్డలకు బాప్తిస్మ మీయరు. తెలివి వచ్చినవారు నలుగురి యెదుట తమ నోట తాము నమ్మినామని ఒప్పుకొనిన పిమ్మటనే నీటిలో ముంచి బాప్తిస్మ మిత్తురు. అనగా ఆ సంఘమున పుట్టుకచేత ఎవ్వరును క్రైస్తవులు కారు. శాంతమ్మ ఏ తల్లి కడుపున పుట్టినను, ఏ తీర్థములో తప్పిపోయినను, పదునేడేండ్ల వయసున తన నోట తాను చెప్పిన మాటను ఆ మచ్చ చెఱపలేదు. మంత్రసాని చెప్పినది నిజమేయైనను శాంతమ్మ "అట్లా! అయిన నేమి?" అని ఊరకుండవలెను. సోదరీ, నీ కథలో ఆమె చేత ఈ ఒక్క మాట పలికించినచో చాలును. తక్కినదంతయు కొట్టివేసినను నాకు విచారము లేదు.

ఆమె యింటిని కూడ కొంచెము మార్చవలెను. కథలో ఆ యింట పియానో, ఇంగ్లీషు కీర్తనలు, కేకు తప్ప వేరేమియు లేవు. మన యుత్తర కోస్తా క్రైస్తవ గృహములు అట్టివి కావు. పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) నూఱుకు పైగా క్రైస్తవ కీర్తనలను తెలుగున రచించిరి. అవి రాగ తాళములతో పాడదగినవి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను గ్రంథమున నేటికిని పాడబడుచున్నవి. శాంతమ్మ తల్లి చిన్ననాట ఈ కీర్తనలకే జోకొట్టి యుండును. క్రిస్మసునకు ఆ యింట అరిసెలు వండుదురు. వాకిట కాగితపు నక్షత్రదీపము వ్రేలాడును. రాత్రులందు పిల్లలు ఇంటింట పాడుచు తిరుగుదురు. సూర్యనారాయణ తల్లి ఒక్కమారు ఆ యింట అడుగిడినచో, ఆ అరిసెల పాకము వాసనయు ఆ కీర్తన రాగమును తన యింటివే యని గుర్తించును. పుట్టుమచ్చ చేయలేని పని ఈ గుర్తింపు చేయగలదు.

గ్రామఫోను పాటనుగూర్చి. శాంతమ్మ తల్లి దానిని "సైతాను పాట" అని తిట్టినది. సూర్యనారాయణ తల్లి "సిగ్గుమాలిన పాట" అన్నది. తల్లు లిద్దరును ఏకీభవించినది ఇందొక్కటియే! ఇది సరిగా వ్రాసినది. అమెరికాలోను పెద్దలు అట్లే యనిరి. బిల్ హేలీ పాడిన 'రాక్ అరౌండ్ ది క్లాక్' 1955 జూలైలో అచ్చట అగ్రస్థానమున నిలిచినది. ఎల్విస్ ప్రెస్లీ పాడిన మొదటి రికార్డు 1954లో మెంఫిసు నగరమున వెలువడినది. కాని ఆ సంగీతము ఎచ్చట పుట్టినది? చాలమట్టుకు దేవాలయముననే. ఎల్విస్ పసితనమున పెంతెకొస్తు సంఘపు భజనలు విని పెరిగినవాడు. అతనికంటె ముందే సిస్టర్ రొజెట్టా థార్ప్ అను నల్లజాతి స్త్రీ గిటారు చేతబట్టి భక్తిగీతములు పాడినది. ఆర్కన్సా రాష్ట్రమున 1915లో పుట్టి, సువార్త ప్రకటించు తల్లివెంట పసితనమునుండి సభలలో పాడుచు తిరిగినది. 1945లో వెలువడిన ఆమె భక్తిగీతము నొకదానిని రాక్ అండ్ రోల్ సంగీతమునకు ఆద్యములలో నొకటిగా ఎన్నువారు కలరు. క్లబ్బులలో పాడినందుకు సంఘమువారు ఆమెను నిందించిరి. అయినను ఆమె గిటారు విడువలేదు. దేవుని పాట విడువలేదు.

ఆమె పెండ్లి కథ వినుడు. 1951 జూలై 3వ తేదీన వాషింగ్టను నగరపు క్రీడామైదానమున, ఇరువది వేలకు పైగా జనులు టిక్కెట్లు కొని చూడగా ఆమె వివాహమాడినది. తదుపరి కచేరియు జరిగినది! 1973లో ఆమె మరణించినది. 2018లో ఆ సంగీతపు ప్రముఖుల సరసన ఆమె పేరు చేర్చిరి. సోదరీ, నీ కాఫీ హోటలు రికార్డుమీద ఈమె గొంతు నుంచుము. శాంతమ్మ ఆ పాట భాష తెలిసి, అది తన ప్రభువు పాటయే యని గుర్తించి, మొదటిమారు తలయెత్తి నవ్వవలెను. ఆ నవ్వు చూచి గుమాస్తా చిల్లర తప్పు లెక్కించును.

చిల్లర మాట వచ్చినది గావున రెండు చిన్న సవరణలు. సూర్యనారాయణ ఆమెకు "యాభై పైసలు" తిరిగి యిచ్చెనని వ్రాసినది. కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినవి. 1956లో రూపాయికి పదునాఱణాలు, కావున ఎనిమిదణాలని వ్రాయవలెను. "విజయనగరము జిల్లా" యని వ్రాసినది. ఆ జిల్లా 1979లో ఏర్పడినది. అప్పుడు విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిది. శ్రీకాకుళము మాత్రము 1950లోనే వేరు జిల్లా యైనది. కావున శాంతమ్మ ప్రతి శనివారము జిల్లా దాటి పోవుచున్నది. గడచిన కాలముమీద మనకు ప్రీతి యున్నచో, ఆ కాలము అణాపైసలు కూడ సరిగా నుండవలెను.

గడచిన కాలపు ప్రేమకథలు లోకమంతట ప్రియములే. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ప్రకటించిన నవల మొదలుగా, పశ్చిమ దేశములందు క్రైస్తవ ప్రేమకథలు ఒక పెద్ద శాఖగా వృద్ధిపొందినవి. పాతకాలపు పల్లె, మితభాషులైన నాయికానాయకులు, ప్రార్థన, తుదకు పెండ్లి. ఇవి చదువుట హాయిగా నుండును. ఆ హాయిని నేను తప్పుపట్టను. వంటింటి పొయ్యియొద్దనుండి లేచివచ్చిన స్త్రీ ఒక గడియసేపు హాయి కోరుట తప్పు కాదు. కాని ఆ హాయికొఱకు నాయికయొక్క ఆత్మను మాయము చేయకూడదు.

విజయనగరమువారికి ఈ మాట నేను చెప్పనక్కఱలేదు; వారి గురజాడవారు ఏనాడో చెప్పిరి. 'కన్యాశుల్కము' 1892లో ఆ యూరనే మొదట ప్రదర్శింపబడినది. అందులోని మధురవాణి వేశ్య. తుదియంకమున ఆమెకు గౌరవము కలిగించుటకై, ఆమె నిజముగా నొక మంచి యింటి తప్పిపోయిన బిడ్డ యని గురజాడవారు చెప్పిరా? లేదు. ఆమె పుట్టుకయు వృత్తియు ఉన్నవున్నట్లే యుంచి, ఆమె బుద్ధిని, దయను మనకు చూపి, సౌజన్యారావు పంతులచేతను మనచేతను ఆమెకు నమస్కరింపజేసిరి. చిత్రమేమనగా, 'మిస్సమ్మ' వచ్చిన 1955లోనే ఆ నాటకమును చలనచిత్రమైనది. దానికి సంగీతము కూర్చినవారు విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద శిష్యరికము చేసిన ఘంటసాలగారు. మధురవాణిగా నటించినది ఎవరు? మేరీగా నటించిన ఆ సావిత్రిగారే! ఒకే సంవత్సరమున, ఒకే నటీమణి. ఒక కథలో పుట్టుక మారి గౌరవము వచ్చినది. రెండవ కథలో పుట్టుక మారకయే వచ్చినది. రెండింటిని ప్రేమింతము. కాని మనము వ్రాయబూనినప్పుడు రెండవదానివైపు చూతము.

ఇవన్నియు వ్రాసి ఆ సోదరికి పంపితిని. చివర నొక సూచన చేసితిని: "కథ చివర మేళములు వద్దు. వివాహాధికారి కచేరి. ఇద్దరు సాక్షులు, ఆమె బడి ఉపాధ్యాయిని యొకతె, అతని స్టేషను మాస్టరు, వచ్చియున్నారు. మూడవ సాక్షి కానరాడు. గడియారము నడచుచున్నది. తలుపుకడ నెవరో చెప్పులు విడిచిన చప్పుడు. ఆ వచ్చినది ఎవరో నీవే నిర్ణయింపుము."

పది దినములకు జవాబు వచ్చినది. అనుమతితోడనే దానిలోని సంగతి తెలుపుచున్నాను. ఆమె కుమారుడు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడట. తనతో పనిచేయు క్రైస్తవ బాలికను వివాహమాడెదనని రెండు నెలల క్రింద తల్లికి చెప్పెనట. ఆ రాత్రియే ఆమె ఈ కథ మొదలుపెట్టినది. ఆ బాలిక ఒకమారు ఇంటికి వచ్చినది. భోజనమైన పిమ్మట చెప్పకయే విస్తళ్లు తీసినది. వెడలునప్పుడు "అత్తా" అని పిలువవచ్చునా యని యడిగినది. "ఆ పిల్లకు ఏ పుట్టుమచ్చయు లేదు, అక్కా. ఉన్నదేమో యని నేను చూచితిని. అందుకే కథలో పెట్టితిని" అని సోదరి వ్రాసినది.

ఈ వాక్యము చదివి నేను చాలసేపు ఆ కాగితము నట్లే చేతబట్టుకొని కూర్చుంటిని. కథలో వేరు దారి తోచలేదని ఆమె వ్రాసినప్పుడు, అది కథమాట యనియే నే ననుకొంటిని.

1955లో తెఱచిన దారి నేటికిని ఉన్నది. ఆ ముప్పది దినములును, ఆ ముగ్గురు సాక్షులును అట్లే యున్నారు. దారి చూపుటకు చట్టము చాలును. నడుచుటకు మాత్రము ఇంటివారి చేయి కావలెను. కోడలి ప్రార్థన కోడలిది, అత్త పూజ అత్తది యై, ఒక యింట రెండు దీపములు వెలిగినంతమాత్రమున కప్పు కూలదు. అది సులువని నేననను. పండుగనాడు, చావునాడు, పిల్లకు పేరు పెట్టునాడు చిక్కులు వచ్చును. కాని ఆ చిక్కులు బ్రతికియున్న మనుష్యుల నడుమ వచ్చునవి, మాటలతో తీఱునవి. లేని మచ్చను వెదకుట వలన మాత్రము తీఱవు.

సోదరి లేఖ చివర రెండు పంక్తులు చిన్నయక్షరములతో నున్నవి. "కథ తిరుగ వ్రాయుచున్నాను. చెప్పులు విడిచినది అతని తల్లియే. అయితే ఆమె సంతకము చేసెనో లేదో యింకను వ్రాయలేదు. వచ్చే నెల పదునాలుగవ తేదీన మావాని ప్రకటన గడువు తీరును."

సోదరీ, కథ వచ్చినప్పుడు పంపుము. తొందర లేదు. ముందు ఆ పదునాలుగవ తేదీ పని చూచుకొనుము. వెళ్లునప్పుడు మంచి కలము వెంట తీసికొనిపొమ్ము. కచేరులలో కలములు సరిగా వ్రాయవు.